మొదటి మంద

ఈసారి ఉత్తరాల కట్ట విప్పితే మూడు అన్నదమ్ముల గొడవలే. ఒకటి సోంపేట వైపు ఉద్దానం నుంచి, ఒకటి రాజాం నుంచి, ఇంకొకటి విజయనగరం నుంచి. మూడూ కలిపి ఈ నెల చూద్దాం. వ్యాకరణం ప్రశ్నలు పంపినవాళ్లు ఏమీ అనుకోకండి, అరసున్న వచ్చే నెలదాకా ఎక్కడికీ పోదు.

ప్రశ్న: మాస్టారూ, మాది సోంపేట దగ్గర పల్లె. నాన్నగారు బతికుండగానే నాకూ అన్నయ్యకూ కొబ్బరితోట నోటిమాటగా పంచారు. పట్టా మాత్రం అన్నయ్య పేరునే ఉండిపోయింది. 2018 తిత్లీ తుఫానులో నా వైపు 38 చెట్లు పడిపోయాయి. నష్టపరిహారం అన్నయ్య ఖాతాలో పడింది. నాకు పైసా ఇవ్వలేదు. నాన్నగారి వైద్యానికి అయిన అప్పు తీర్చానన్నాడు. (రెండేళ్లపాటు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి ఆయనే తీసుకెళ్లేవాడు, నేను పని మీద విశాఖలో ఉండేవాణ్ణి.) పదిమందిలో అడిగితే "చెట్లు అడగడానికి నువ్వెవడివిరా" అన్నాడు. అప్పటినుంచి మాటల్లేవు. మొన్న కూతురి పెళ్లి కార్డు ఇచ్చి కొడుకుని పంపాడు. దాంతోపాటు కవర్లో పదివేలు. నాకు రావలసినదాంట్లో అది నాలుగో వంతు కూడా కాదు. డబ్బు తిప్పి పంపేశాను. కార్డు టీవీ మీద ఉంది. మా పాస్టరుగారు 'డెబ్బది ఏళ్ల మారులు' క్షమించమంటున్నారు. డెబ్బై ఏళ్లు క్షమిస్తూ కూర్చోవాలా? పెళ్లికి వెళ్లాలా, వద్దా? తలుచుకుంటేనే టెన్షన్, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
— ఒక తమ్ముడు

జవాబు: ముందు తెలుగు మేష్టారి పని కాస్త చేయనివ్వండి. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ఉన్న ఆ 'ఏళ్లు' సంవత్సరాలు కావు. ఏడు అనే అంకెకు బహువచనం. చిన్నప్పుడు ఎక్కాలు వల్లించిన వాళ్లకు గుర్తుంటుంది: ఆరు ఏళ్లు నలభై రెండు, ఏడు ఏళ్లు నలభై తొమ్మిది. అలాగే డెబ్బై ఏళ్లు 490. ఆదివారం బడిలో ఏటా ఒక పిల్లాడైనా దాన్ని వయసు లెక్క అనుకునేవాడు, పెద్దవాళ్లూ అనుకుంటారని మీ ఉత్తరంతో తెలిసింది. ఆ 490 కూడా వేళ్ల మీద లెక్కపెట్టమని కాదు లెండి. ఏడుసార్లు క్షమిస్తే చాలా అని యేసు శిష్యుడు పేతురే ఒక అంకె పట్టుకుని వచ్చాడు, మీరు 38తో వచ్చినట్టు. లెక్క తప్పిపోయేంత పెద్ద అంకె చెప్పి పంపించారు ప్రభువు ఆయన్ని.

ఇక తోట సంగతి. క్షమాపణ అనగానే మన ప్రసంగాల్లో తప్పిపోయిన కుమారుడు వచ్చేస్తాడు. వాటా పంచుకుని పోయి, అంతా పాడుచేసుకుని ఇంటికి తిరిగొచ్చిన చిన్నకొడుకు కథ, మంచిదే. కానీ అక్కడ పరుగెత్తుకొచ్చినవాడు తండ్రి. అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకున్నట్టు ఆ కథలో ఒక్క మాట లేదు. పెద్దవాడు విందు ఇంటి బయటే నిలబడి ఉండగా కథ ఆగిపోతుంది, లోపలికి వెళ్లాడో లేదో మనకు చెప్పరు. మీకు కావలసింది ఆదికాండం 32, 33 అధ్యాయాలు. అక్కడా వాటాల గొడవే, అక్కడా ఒకడు రెండోవాడిది తీసుకుపోయాడు.

మీకు తెలిసిన కథే, నాలుగు ముక్కల్లో చెప్తాను. ఏశావు, యాకోబు కవలలు. పొలం నుంచి ఆకలితో వచ్చిన అన్న దగ్గర చిక్కుడుకాయల వంటకానికి జ్యేష్ఠత్వం కొనేశాడు యాకోబు. ఆ తర్వాత వెంట్రుకల ఒళ్లున్న అన్నలా తోచడానికి చేతులకు మేకపిల్లల తోలు చుట్టుకుని, చూపు ఆనని తండ్రి దగ్గర అన్నకు రావలసిన దీవెన కూడా కొట్టేశాడు. ఏశావు చంపుతానన్నాడు. తల్లి రిబ్కా చిన్నవాణ్ణి మేనమామ లాబాను దగ్గరికి పంపుతూ, మీ అన్న కోపం చల్లారేదాకా కొన్నాళ్లు ఉండిరా అంది. ఆ కొన్నాళ్లు 20 ఏళ్లయ్యాయి. ఇద్దరు భార్యల కోసం 14, మందల కోసం 6. మన ఇళ్లలో 'రెండ్రోజులు పోతే అదే సర్దుకుంటుంది' అనే అమ్మలకు ఈ లెక్క చూపించాలి.

తిరిగొస్తుంటే, మీ అన్న 400 మందిని వెంటబెట్టుకుని ఎదురొస్తున్నాడని కబురు. ఎందుకు అంతమంది? చంపడానికా, సాగనంపడానికా? బైబిలు చెప్పదు. యాకోబు మాత్రం వణికిపోయాడు. జనాన్ని రెండు గుంపులు చేశాడు, ఒకదాని మీద పడితే రెండోదైనా పారిపోతుందని. ప్రార్థన చేశాడు. ఆపైన ఏం చేశాడో చూడండి. 200 మేకలు, 20 మేకపోతులు, 200 గొర్రెలు, 20 పొట్టేళ్లు, 30 పాడి ఒంటెలు వాటి పిల్లలతో సహా, 40 ఆవులు, 10 ఆబోతులు, 20 ఆడగాడిదలు, 10 మగవి. ఒంటెపిల్లలు కాక మొత్తం 550, కూడి చూశాను. వీటన్నిటినీ ఒకేసారి తోలలేదు. మందకూ మందకూ మధ్య ఎడం ఉంచమన్నాడు. ప్రతి మంద వెంట వెళ్లే మనిషికీ ఒకే మాట నేర్పాడు: ఇవి నీ సేవకుడు యాకోబువి, అన్నగారికి కానుక, ఆయన మా వెనకే వస్తున్నాడు.

ఈ ఎడం సంగతి చాన్నాళ్లు నాకు పట్టలేదు. సొంత అన్నకు ఎదురుపడే ధైర్యం లేనివాడు ఒక్కసారి వచ్చి కాళ్ల మీద పడలేడు. ముందు మేకలు వస్తాయి. అవతలివాడు ఏమన్నాడో తెలుసుకుంటాడు. తర్వాత గొర్రెలు. మనిషి అందరికన్నా వెనక. మీ అన్నయ్య ముందు కొడుకుని పంపాడు, చేతిలో కార్డు, కార్డులో కవరు. బాబూ, ఆ పదివేలు మొదటి మంద. మీరు దాన్ని మొత్తం బాకీ పక్కన పెట్టి తూకం వేశారు. తక్కువ తూగింది, తోలేశారు.

ఇది చెప్పే హక్కు నాకెక్కడిదంటారేమో. నేను మూడు సంచుల చోళ్లు... కాదు, రెండు సంచుల చోళ్లు (రాగులే లెండి) తిప్పికొట్టిన మనిషిని.

మా పల్లె బొబ్బిలి నుంచి రాజాం వెళ్లే దారిలో ఉంది. తాతల నాటి పెంకుటిల్లు. నాన్న పోయాక పంపకాల్లో మా అన్నయ్య నడిమింటికి అడ్డంగా గోడ లేపాడు. వీధి అరుగు కూడా రెండు ముక్కలైంది. నేనప్పుడు సాలూరు వైపు ఉద్యోగంలో ఉన్నాను. వచ్చి చూసేసరికి గోడ నా వైపు అడుగున్నర జరిగి ఉంది. అడుగున్నర నా లెక్క. ఆయన లెక్కలో జానెడు. టేపు పట్టి కొలిపిద్దామంటే ఇద్దరికీ ఇష్టం లేదు, ఎవరి లెక్క తప్పుతుందోనని భయం కాబోలు. ఆ అడుగున్నర మీద పదకొండేళ్లు మాటల్లేవు. అన్యాయం పొందిన సహోదరుణ్ణి గెలుచుకోవడం బలమైన పట్టణాన్ని పట్టుకోవడం కన్నా కష్టమని సామెతల గ్రంథం 18వ అధ్యాయంలో ఉంది. మా వాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులకు బొబ్బిలి కోట ఒక్క రోజులో పడిపోయింది. నేను పడడానికి పదకొండేళ్లు పట్టింది.

తొమ్మిదో ఏడు, నూర్పిళ్లయ్యాక, మేం బొబ్బిలిలో అద్దెకుంటున్న ఇంటికి అన్నయ్య బస్సు మీద సంచెడు చోళ్లు వేసి పంపాడు. కబురూ లేదు, చీటీ లేదు. 'మాకు రేషను బియ్యం ఉన్నాయని చెప్పు' అని అదే బస్సుకు తిప్పి పంపేశాను. మరుసటి ఏడు మళ్లీ వచ్చింది, మళ్లీ పంపాను. రెండోసారి కండక్టరు నావంక అదోలా చూశాడు. మూడో ఏడు నేను బళ్లో ఉండగా వచ్చింది. మా ఆవిడ నాకు చెప్పకుండా దించుకుంది. ఓ ఆదివారం అంబలి తాగుతుంటే రుచి ఎక్కడో తగిలింది. ఎక్కడివీ చోళ్లు అన్నాను. "మీ మెట్ట పొలానివే" అంది. అన్నయ్యగారివి అనలేదు చూశారా. గ్లాసు కింద పెట్టలేకపోయాను, పూర్తిగా తాగాను. మధ్యాహ్నం బస్సుకు ఊరెళ్లాను. అన్నయ్య అరుగు మీద, అంటే ఆయన ముక్క మీద, కూర్చుని తాడు పేనుతున్నాడు. తలెత్తి, "వొచ్చినావేటి? కూకో" అన్నాడు. అంతే. అడుగున్నర మాట ఆ రోజు ఇద్దరమూ ఎత్తలేదు.

మళ్లీ ఏశావు దగ్గరికి రండి. యాకోబు ఏడుసార్లు నేలకు వంగి నమస్కరిస్తూ నడిచాడు, అదీ కుంటుతూ. ముందు రాత్రి యబ్బోకు రేవు దగ్గర ఎవరో ఒక మనిషితో తెల్లవారేదాకా పెనుగులాడి తొడ గూడు తప్పించుకున్నాడు కదా. ఏశావు పరుగెత్తుకొచ్చి మెడ మీద పడి ముద్దుపెట్టుకున్నాడు, ఇద్దరూ ఏడ్చారు. ఆ తర్వాత ఈ మందలేమిటి అని అడిగాడు. నీ దయ కోసం అన్నాడు తమ్ముడు. నాకు కావలసినంత ఉంది తమ్ముడా, నీది నువ్వే ఉంచుకో అన్నాడు అన్న. నేను కండక్టరు చేత చెప్పించిందీ దాదాపు ఇదే మాట, కాకపోతే ఏశావు అన్నది కడుపు నిండి, నేనన్నది కడుపు మండి.

యాకోబు వదల్లేదు, బలవంతం చేశాడు. ఇక్కడ హీబ్రూలో ఒక మాట ఉంది. అంతకుముందు ఈ పశువుల్ని కానుక అంటూ వచ్చినవాడు, 33వ అధ్యాయం 11వ వచనంలో మాట మార్చి 'బెరాకా' పుచ్చుకో అంటాడు. బెరాకా అంటే దీవెన. ఇరవై ఏళ్ల కిందట తోలు చుట్టుకుని దొంగిలించింది సరిగ్గా అదే. మన తెలుగు బైబిల్లో కానుక అనే ఉంటుంది కాబట్టి చదివినప్పుడు దాటిపోతాం. నేనూ రిటైరయ్యాకే తెలుసుకున్నాను. ఏశావు ఆ బలవంతానికి లొంగి పుచ్చుకున్నాడు. అతనికి 550 పశువులతో పని లేదు. అయినా పుచ్చుకున్నాడు. వద్దంటే తమ్ముడు జన్మంతా దొంగగానే మిగిలిపోయేవాడు.

ఇప్పుడు మీ ఉత్తరంలో కుండలీకరణంలో పెట్టిన వాక్యం. నలభై ఏళ్లు పేపర్లు దిద్దినవాణ్ణి, పిల్లలు జవాబు ఎక్కడ దాస్తారో తెలుసు. రెండేళ్లు, వారానికి రెండుసార్లు. అంటే రెండొందల సార్లకు పైనే. ఉద్దానంలో డయాలసిస్ అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? పొద్దున్నే ఆటో మాట్లాడుకోవాలి. అక్కడ నాలుగు గంటలు మంచం పక్కన కూర్చోవాలి. నీరసించిపోయిన మనిషిని భుజం పట్టి తిరిగి తేవాలి. ఆ రోజు కూలి గానీ, తోట పని గానీ లేనట్టే. మీ 38 చెట్లకు మీ దగ్గర లెక్క ఉంది. ఆ రెండొందల రోజులకు ఆయన దగ్గర లెక్క ఉండి ఉంటుంది. ఒకదానికి ఒకటి చెల్లు అని నేననడం లేదు. పదిమందిలో 'నువ్వెవడివిరా' అనడం తప్పు. మీ వాటా డబ్బు మీకు చెప్పకుండా వాడుకోవడం ఇంకా తప్పు. అప్పు ఎంత, తీర్చింది ఎంత అని మీతో కూర్చుని చెప్పాల్సింది.

మత్తయి 5వ అధ్యాయంలో బలిపీఠం దగ్గర అర్పణ విడిచిపెట్టి వెళ్లమన్న మాట మీ పాస్టరుగారు చెప్పే ఉంటారు. దాన్ని నిదానంగా చదవండి. "నీమీద నీ సహోదరునికి విరోధమేమైనను కలదని" అని ఉంది. వాడి మీద నీకున్న విరోధం ఊసే లేదక్కడ. ఈ మాట చెప్పింది గలిలయలో, బలిపీఠం ఉన్నది యెరూషలేములో. మధ్య మూడు రోజుల నడక. ఇంచుమించు సోంపేట నుంచి శ్రీకాకుళం నడిచొచ్చి, గొర్రెను గుడి ముందు కట్టేసి, మళ్లీ సోంపేట నడిచి వెళ్లి, అన్నతో సమాధానపడి, మళ్లీ రమ్మన్నట్టు. ఆ గొర్రె గతేమవుతుందని ఆదివారం బడిలో ఒక పాప అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అన్నట్టు మన భాషలో సమాధానం అంటే జవాబు కూడా. ఈ శీర్షికలో నేనిచ్చేది ఆ రెండో రకమే.

పెళ్లికి వెళ్లండి. ముందు రోజే, మీ ఆవిడతో సహా వెళ్లండి. తమ్ముడి ఇంటివాళ్లు చేయాల్సిన పనులు ఉంటాయి, అడక్కుండా అందుకోండి. కవరు మళ్లీ ఇస్తే పుచ్చుకోండి. ఇది మొత్తం కాదు అన్నయ్యా అని అప్పుడే అనకండి, ఆ సంగతి ఆయనకూ తెలుసు. పందిట్లో చెట్ల మాట వద్దు.

పెళ్లయిన నెలకో రెండు నెలలకో ఇద్దరూ కూర్చోండి. ముందు మీరు ఆ రెండొందల రోజుల మాట ఎత్తండి. తర్వాత చెట్ల మాట. క్షమించానంటే ఇక డబ్బు అడగకూడదేమో అని మీకు అనుమానం ఉన్నట్టుంది, అలా ఎక్కడా లేదు. యాకోబుని ఏశావు కౌగిలించుకున్నాడు, మందలూ చేతులు మారాయి. యాకోబు కొడుకు యోసేపు సంగతి చూడండి, తనను అమ్మేసిన అన్నలు ధాన్యానికి వచ్చినప్పుడు గుర్తుపట్టి కూడా బయటపడలేదు. మీరు వేగులవాళ్లు అని గద్దించాడు, వాళ్లలో షిమ్యోనును పట్టి ఉంచాడు, చివరికి తమ్ముడు బెన్యామీను గోనెలో వెండి గిన్నె పెట్టించి దొంగతనం మోపాడు. తనను అమ్మేసినట్టే ఈ చిన్నవాణ్ణీ వదిలేసి పోతారా అని చూశాడు. వాడి బదులు నేను దాసుడిగా ఉంటాను అని అన్నల్లో ఒకడు, యూదా, అన్నాకే ఆపుకోలేక ఏడ్చాడు. కాబట్టి మీరూ నాలుగు రోజులు చూడవచ్చు, తప్పు లేదు.

ఇంకొకటి, దీన్ని మాత్రం వాయిదా వేయకండి. మీ నాన్నగారి నోటిమాట పంపకాన్ని కాగితం మీద పెట్టించుకోండి. హద్దురాళ్లు వేయించండి. క్షమాపణకూ రిజిస్ట్రేషనుకూ విరోధం లేదు. ఏశావును కలవడానికి ముందే యాకోబు తన మామ లాబానుతో రాళ్లకుప్ప వేసి, ఇది దాటి నువ్వు రావద్దు, నేను రాను అని ఒప్పందం చేసుకుని, ఆ రాత్రి ఇద్దరూ కలిసి భోజనం చేశారు. పెద్దమనుషుల్ని పెట్టుకుంటారా, మీ ఇష్టం. మా అన్నను ఆస్తిలో వాటా ఇమ్మని చెప్పు అని ఒకడు అడిగితే యేసు ప్రభువే, మీ మీద తీర్పరిగా గానీ పంచేవాడిగా గానీ నన్నెవరు నియమించారు అని తప్పుకున్నాడు. నేనెంత.

ప్రశ్న: నేను రాజాంలో డిగ్రీ చదువుతున్నాను. మీరు ఎప్పుడూ బైబిలు అన్నదమ్ముల గురించే రాస్తారు. రామాయణంలో విడిపోయి మళ్లీ కలిసిన అన్నదమ్ములు లేరా సార్? రాముడు, భరతుడు అసలు విడిపోలేదు కదా.

జవాబు: అసలు విడిపోలేదు, బాగా పట్టుకున్నావు. నేను చర్చికి వెళ్లే మనిషినే అయినా వాల్మీకిని పాఠం చెప్పి జీతం తీసుకున్నవాణ్ణి, కాబట్టి ఆ అప్పు తీరుస్తాను.

కిష్కింధకాండ తీయి. వాలి మాయావి అనే రాక్షసుడి వెంట బిలంలోకి వెళ్లాడు. సుగ్రీవుడు ఏడాది బయట కాపలా కాశాడు. లోపల్నుంచి నెత్తురు పారింది, రాక్షసుడి అరుపులు వినిపించాయి, అన్న చనిపోయాడనుకుని బిలానికి బండ అడ్డం పెట్టి వచ్చేశాడు. మంత్రులు పట్టం కట్టారు. తీరా వాలి బతికొచ్చాడు. ఇక్కడ దాకా ఎవరి తప్పూ లేదు, ఒక పొరపాటు. సుగ్రీవుడు కాళ్లకు మొక్కాడు, గొడుగూ రాజ్యమూ తిరిగి ఇచ్చేస్తానన్నాడు. వాలి వినలేదు. కట్టుబట్టలతో తరిమేశాడు, తమ్ముడి భార్య రుమను తెచ్చుకున్నాడు. పై ఉత్తరానికి రాసిన జవాబు చదువు, తిరిగి ఇస్తానని వచ్చినవాణ్ణి తిప్పికొట్టడం అంటే ఏమిటో వాలి దగ్గర పెద్దక్షరాల్లో కనిపిస్తుంది.

తర్వాత కథ నీకు తెలుసు. రాముడి బాణం దిగి పడి ఉన్న వాలి ఏం మాట్లాడతాడో మాత్రం చాలామందికి గుర్తుండదు. చాటునుంచి కొట్టడం న్యాయమా అన్న వాదన దగ్గరే అందరం ఆగిపోతాం, పరీక్షల్లో అడిగేదీ అదే. ఆ వాదన అయిపోయాక వాలి తమ్ముడి వైపు తిరుగుతాడు. మనిద్దరికీ ఒకే కాలంలో సుఖం రాసిపెట్టి లేదు నాయనా, అన్నదమ్ముల స్నేహం ఇలా అయిపోయింది అంటాడు. అంగదుణ్ణి అప్పగిస్తాడు. ఇంద్రుడిచ్చిన బంగారు మాలను మెడలోంచి తీసి తమ్ముడికి ఇస్తాడు. సుగ్రీవుడు అప్పుడు కూలబడి ఏడుస్తాడు, అగ్నిలో దూకుతానంటాడు. ఇన్నిసార్లు కొట్టుకున్నాం, చేతికి చిక్కినా నన్ను చంపకుండా వదిలాడు అని అప్పుడు తలుచుకుంటాడు. అన్నని చంపమని రాముణ్ణి అడిగినవాడు ఇతనే. క్లాసులో ఈ సర్గ దగ్గరికి వచ్చినప్పుడు, అన్నయ్యతో మాటల్లేని ఆ పదకొండేళ్లూ, నేను గబగబా దాటేసేవాణ్ణి. సిలబస్ అవ్వాలి అనేవాణ్ణి.

విభీషణుడిది ఇంకో తీరు. రావణుడికి దహనం చేయనని మొరాయిస్తే రాముడు నచ్చచెప్తాడు: 'మరణాంతాని వైరాణి', వైరాలు చావుతో సరి, అతడు నీకెంతో నాకూ అంతే అని. గొప్ప మాటే. మన ఊళ్లలో ఈ శ్లోకం ఎక్కువగా శవం లేచేముందు వినిపిస్తుంది. పదేళ్లు గడప తొక్కనివాడు వచ్చి పాడె ఒక కొమ్ము పట్టుకుంటాడు, పక్కవాళ్లు ఈ మాట అంటారు. నాకు మాత్రం ఎప్పుడు విన్నా వాలి మెడలో మాల గుర్తొస్తుంది.

ప్రశ్న: మాది విజయనగరం. మా ఆయన, మా బావగారు స్థలం తగాదాలో అయిదేళ్లు విడిగా ఉండి రెండేళ్ల కిందట కలిశారు. తప్పు మా వైపే ఉంది, బావగారు క్షమించానన్నారు. ఇప్పుడు పండక్కీ పబ్బానికీ వస్తారు, పిల్లలకు చాక్లెట్లు తెస్తారు. కానీ మునుపటిలా లేదు. గంట కూర్చుని వెళ్లిపోతారు. మా అత్తగారు మొన్న పోయారు, ఇక ఆయన రారేమో, మనసులో ఇంకా ఉందేమో అని మా ఆయన ఒకటే దిగులు. నిజంగా క్షమించినట్టా, కాదా?

జవాబు: అమ్మా, ఈ దిగులు మీ ఆయనకు ముందే పదిమందికి వచ్చింది. యోసేపు అన్నలు పదిమందికి. యోసేపు వాళ్లను క్షమించి, ఐగుప్తుకు, అంటే ఈజిప్టుకు, రప్పించి, అక్కడ గోషెనులో చోటిచ్చి, పోషించాడు. యాకోబు అక్కడ 17 ఏళ్లు బతికి 147వ ఏట పోయాడు. తండ్రిని పాతిపెట్టి వచ్చారో లేదో అన్నలు గుసగుసలు మొదలుపెట్టారు: నాన్న ఉన్నాడని ఊరుకున్నాడు, ఇప్పుడు మన పని పడతాడు. నాన్న పోయేముందు నీకిలా చెప్పమన్నాడు అంటూ కబురంపారు. యాకోబు అలా చెప్పినట్టు అంతకుముందు ఎక్కడా లేదు. భయం కొద్దీ అల్లుకున్న మాటేనని నా అనుమానం. ఆ కబురు విని యోసేపు ఏడ్చాడు. పదిహేడేళ్లు అన్నం పెట్టాక కూడా నన్ను నమ్మలేదా అని ఏడ్చాడనుకుంటాను. భయపడకండి, నేనేమైనా దేవుడి స్థానంలో ఉన్నానా, మీరు కీడు తలపెట్టారు గానీ దేవుడు దాన్ని మేలు చేశాడు, మిమ్మల్నీ మీ పిల్లల్నీ నేను పోషిస్తాను అన్నాడు. ఇచ్చినవాడు ఎప్పుడో ఇచ్చేశాడు. పుచ్చుకోవలసినవాళ్లకు చేతులు రాలేదు. ఉద్దానం తమ్ముడికి రాసింది మీ ఆయన చేత కూడా చదివించండి.

బావగారి మనసులో ఏముందో నాకెలా తెలుస్తుంది? ఏశావు మనసులో ఏముందో రెండు వేల ఏళ్లుగా తేలలేదు. హీబ్రూ ప్రతుల్లో 'ముద్దుపెట్టుకొనెను' అన్న మాట మీద అక్షరానికొక చుక్క ఉంటుంది. ఆ చుక్కలెందుకని యూదు పండితులు వాదించుకున్నారు. మనస్ఫూర్తిగా ముద్దుపెట్టుకున్నాడని ఒకరు, కాదు కొరకడానికే వచ్చాడని ఒకరు. నేను మొదటాయన పక్షం. గంట కూర్చుని చాక్లెట్లు ఇచ్చి వెళ్లే బావగారి విషయంలోనూ అదే పక్షం.

ఇక మునుపటిలా లేదన్నది. ఆ కౌగిలింత అయ్యాక, నాతో రా, కలిసి పోదాం అన్నాడు ఏశావు. పిల్లలు చిన్నవాళ్లు, పాలిచ్చే పశువులున్నాయి, నువ్వు ముందు పద, నేను మెల్లగా మీ శేయీరు వస్తాను అన్నాడు యాకోబు. వెళ్లలేదు. సుక్కోతుకు వెళ్లి ఇల్లు కట్టుకున్నాడు, పశువులకు పాకలు వేశాడు. అబద్ధమాడాడా, మర్యాదకు అన్నాడా, చదివినప్పుడల్లా నాకు ఒక్కోలా అనిపిస్తుంది. ఇద్దరూ కలిసి కనిపించేది మళ్లీ ఇస్సాకు చనిపోయినప్పుడే. 180 ఏళ్లు బతికిన ఆ తండ్రిని కొడుకులిద్దరూ కలిసి పాతిపెట్టారు. తర్వాతి అధ్యాయంలో, ఉన్న ఆస్తీ పశువులూ ఎక్కువై ఒకచోట ఇమడలేక ఏశావు వేరే దేశానికి వెళ్లిపోయాడని ఉంది. కొట్లాడుకుని వెళ్లలేదు, చోటు చాలక వెళ్లాడు. మీ బావగారి గంటలో కూడా కోపమే ఉందనుకోకండి. వయసు ఉండొచ్చు, మోకాళ్లు ఉండొచ్చు. అత్తగారు లేరు కాబట్టి ఈ పండక్కి మీరే ముందు వెళ్లండి. గంట కూర్చుని రండి.

మా ఇంటి గోడ ఏమైందని మీరు అడగలేదు గానీ చెప్తాను. పడగొట్టలేదు. అన్నయ్య పడగొడదామన్నాడు, నేనే వద్దన్నాను, పైకప్పు దూలం దాని మీదే ఆనుకుని ఉంది. వంటింటి దగ్గర మాత్రం రెండు ఇటుకలు తీయించి గూడులా చేశాం, గిన్నె పట్టేంత. రిటైరయ్యాక మేం పల్లెకే వచ్చేశాం. అన్నయ్య పోయి నాలుగేళ్లయింది. ఇప్పటికీ ఉదయం పదకొండింటికి అటునుంచి వదిన గరిటెతో గోడ మీద తడుతుంది. మొన్న మునగాకు పప్పు వచ్చింది. గిన్నె ఇంకా మా దగ్గరే ఉంది, ఇది పోస్టులో వేసి వెళ్లి ఇవ్వాలి.